సరైన మీటింగ్ ఏదో తెలిసేది అది అయిపోయాక పది నిమిషాల్లో

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: తాగుడు మానేసి 23 రోజులైంది. ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ), అంటే తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా కూర్చునే గ్రూపుల మీటింగ్‌లు రెండింటికి వెళ్ళొచ్చారు. మొదటిదాంట్లో దేవుడు, ప్రార్థన అంటుంటే మీకు ఊపిరాడలేదు, ఎందుకంటే మీకు దేవుడి మీద నమ్మకం లేదు. రెండోదాంట్లో అందరూ అరవై దాటినవాళ్ళే, మీకేమో 34. ఇవి నాకు పడవా, నాకు సరిపోయేది ఇంకెక్కడైనా ఉందా, ఉంటే ఎలా పట్టుకోవాలి అని అడిగారు. మీ ఆవిడ కూడా రావచ్చా అని చివర్లో ఇంకో మాట.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. రెండు చూసి తేల్చేయకండి. కనీసం ఆరు మీటింగ్‌లు చూడండి, అవీ వేరువేరు గ్రూపులవి. లోపల గంటసేపు ఎవరేం మాట్లాడారన్నది ఒక ఎత్తు, అయిపోయాక పది నిమిషాలు ఏం జరిగిందన్నది ఒక ఎత్తు. మీరు ఆ పది నిమిషాలూ ఆగి చూడండి. మిమ్మల్ని ఎవరైనా పలకరించారా? ఫోన్ నంబరు ఇచ్చారా? ఆ మనిషికి అర్ధరాత్రి ఫోన్ చేయొచ్చు, ఏమీ అనుకోడు అని మీకు అనిపించిందా? అనిపిస్తే మీ గ్రూపు దొరికినట్టే. గోడ మీద ఏం రాసి ఉంది, ప్రార్థన చదివారా లేదా అనేవి తర్వాత చూసుకోవచ్చు.

ఇంకొకటి. వెతుకుతున్నన్ని రోజులూ ఎక్కడో ఒకచోటికి వెళ్తూనే ఉండండి. సరైనది దొరికాక మొదలుపెడతాను అంటూ ఇంట్లో కూర్చుని, నెల తిరక్కుండానే మళ్ళీ తాగడం మొదలుపెట్టినవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

నేనెవరో కూడా చెప్పాలి కదా. మానేసి పద్నాలుగేళ్ళు దాటింది. అందులో తొమ్మిదేళ్ళుగా మా గ్రూపులో తలుపు తీసి కుర్చీలు వేసే పని నాదే. డాక్టర్ని కాను, కౌన్సెలర్నీ కాను. కొత్తగా వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయేవాళ్ళను చాలామందిని చూశాను, అంతే.

నా మొదటి మీటింగ్‌లో తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాను, బండి తాళం చేతిలో పట్టుకుని. ఎవరేం మాట్లాడారో ఒక్క ముక్క గుర్తులేదు. అయిపోయాక గుప్పిట తెరిస్తే తాళం పళ్ళు అరచేతిలో అచ్చుగుద్దినట్టు పడి ఉన్నాయి. బయటికి జారుకుంటుంటే ఒక పెద్దాయన వెనకాలే వచ్చి, మడిచిన చీటీ ఒకటి నా చొక్కా జేబులో పెట్టారు. "తాగకముందు చెయ్యి బాబూ, తాగాక చేస్తే నేను చేయగలిగింది తక్కువ" అన్నారు. ఆ చీటీ పదకొండు రోజులు పర్సులోనే ఉంది. పన్నెండో రోజు రాత్రి పదకొండు నలభైకి చేశాను. పేరు కూడా అడగలేదాయన. "నిలబడి ఉన్నావా, కూర్చున్నావా?" అన్నారు. నిలబడే ఉన్నానన్నాను. "ముందు కూర్చో" అన్నారు. నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. అందులో సగం ఆయన ఎక్కడో చెప్పులు పోగొట్టుకుని ఉత్త కాళ్ళతో ఇంటికొచ్చిన కథే. ఆ రాత్రి నేను తాగలేదు.

అసలు ఏఏ పుట్టిందే ఇలాంటి ఫోన్ కాల్‌తో. 1935లో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకర్ వ్యాపారం పని మీద అమెరికాలోని ఏక్రన్ వెళ్ళాడు. అతను మానేసి అప్పటికి అయిదు నెలలు. వెళ్ళిన పని చెడింది. హోటల్ లాబీలో నిలబడితే ఒక పక్క బార్, ఇంకో పక్క టెలిఫోన్. ఫోన్ దగ్గరికి వెళ్ళి ఒక చర్చి పాస్టరుకు చేసి, నాలాంటి తాగుబోతు ఎవరైనా ఉంటే మాట్లాడాలి అన్నాడు. అలా దొరికిన మనిషి డాక్టర్ బాబ్ స్మిత్, సర్జన్. పావుగంటకు మించి కూర్చోనని ముందే షరతు పెట్టి వచ్చిన ఆ డాక్టరు, ఆరు గంటలు దాటినా లేవలేదు. గమనించండి, తాగుడు నుంచి బయటపడటానికి ఏఏ వాళ్ళు ఇప్పుడు ఒక్కొక్కటిగా పాటించే పన్నెండు మెట్లూ అప్పటికి లేవు, మీటింగులూ లేవు, పుస్తకమూ లేదు. ఉన్నది ఇద్దరు మనుషులు. అందుకే నేను ఏ గ్రూపునైనా మనుషులను బట్టే చూస్తాను.

ఇక మీరు పైకి చెప్పని, కానీ అన్నిటికంటే ముందు చూసుకోవాల్సిన సంగతి టైము. మీకు ప్రమాదమైన గంట ఏది? నాకు సాయంత్రం ఏడు. ఆఫీసు అయిపోయి ఇంటికి బయల్దేరే టైము, దారి పొడుగునా కాళ్ళు వాటంతటవే అటు తిరిగేవి. మొదట్లో నేను ఆదివారం పొద్దుటి మీటింగ్‌కి వెళ్ళేవాణ్ణి. చాలా బాగుండేది, కానీ ఆదివారం పొద్దున నేను ఎలాగూ తాగేవాణ్ణి కాదు! సాయంత్రం ఏడింటి మీటింగ్‌కి మారాక గానీ తేడా తెలియలేదు. ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా అక్కడ కూర్చుంటే, బయటికొచ్చేసరికి ఆకలేసి ఇంటికి పోవాలనిపించేది. దూరం సంగతీ అంతే. గంట ప్రయాణం చేసి వెళ్ళే గొప్ప గ్రూపు కంటే పది నిమిషాల్లో చేరుకునే మామూలు గ్రూపే నయం. వాన పడిన రోజు, ఒంట్లో బాగోని రోజు, ఇంట్లో గొడవైన రోజు వెళ్ళగలిగేది దగ్గరిదే. అలాంటి రోజుల్లోనే కదా అవసరం.

మీటింగ్‌ల రకాలు తెలుసుకుంటే వెతుకులాట తేలికవుతుంది. ఓపెన్ మీటింగ్ అంటే ఎవరైనా రావచ్చు, తాగుడు సమస్య లేనివాళ్ళు కూడా. క్లోజ్డ్ అంటే మానేయాలనుకునేవాళ్ళకు మాత్రమే. స్పీకర్ మీటింగ్‌లో ఒకరిద్దరు తమ కథ చెప్తారు, మిగతావాళ్ళు వింటారు. కొత్తలో నోరు పెగలనివాళ్ళకు ఇది హాయి. డిస్కషన్ మీటింగ్‌లో తలా కాసేపు మాట్లాడతారు. స్టెప్ మీటింగ్‌లో పన్నెండు మెట్లలో ఒకదాన్ని తీసుకుని దాని మీదే మాట్లాడతారు, మొదటి రోజే అక్కడికి వెళ్తే సగం సినిమా అయ్యాక హాల్లోకి అడుగుపెట్టినట్టు ఉంటుంది. ఆడవాళ్ళకు, కుర్రవాళ్ళకు, కొత్తవాళ్ళకు విడిగా జరిగేవీ ఉంటాయి. మీరు వెళ్ళిన రెండూ ఏ రకమో నాకు తెలియదు కానీ, మీరు రాసినదాన్ని బట్టి మొదటిది స్టెప్ మీటింగ్ అయి ఉంటుందనిపిస్తోంది. మెట్ల మాటల్లో దేవుడి ప్రస్తావన పదేపదే వస్తుంది కాబట్టి ఆ రోజు మీకు ఎక్కువ మోతాదు పడి ఉండొచ్చు.

దేవుడి విషయం దాటేసే రకం కాదు, కాబట్టి కాస్త ఆగుదాం. ఏఏ మతసంస్థ కాదు. సభ్యుడు కావడానికి కావలసింది తాగుడు మానేయాలన్న కోరిక ఒక్కటే అని వాళ్ళ మూడో సంప్రదాయం, అంటే గ్రూపులు నడిచే పద్ధతుల్లో మూడోది, చెప్తుంది. అయినా మెట్లలో దేవుడి మాట ఉన్న సంగతి నిజం, 'మనకు అర్థమైన దేవుడు' అని మెత్తబరిచినా సరే. దాన్ని నమ్మనివాళ్ళు మూడు దారుల్లో వెళ్ళడం చూశాను. కొందరు మనకంటే పెద్ద శక్తి అంటే ఈ గది, ఈ మనుషులే అనుకుంటారు. మా గ్రూపులో ఒకతను పక్కా నాస్తికుడు, ప్రార్థన టైములో పెదవి కదపడు, ఊరికే నిలబడతాడు. ఎనిమిదేళ్ళుగా తాగలేదు. ఎవరూ ఆయన్ని ఇదేంటని అడగలేదు. అడిగే గ్రూపైతే అక్కణ్ణుంచి వచ్చేయండి. రెండోదారి, ఏఏలోనే దేవుడి ఊసు లేకుండా నాస్తికుల కోసం నడిచే మీటింగ్‌లు. ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరుకుతాయి.

మూడోది, పూర్తిగా వేరే పద్ధతి. స్మార్ట్ రికవరీ 1994 నుంచి నడుస్తోంది. అందులో మెట్లు లేవు, వాటి వెంట నడిపించే స్పాన్సర్ లేడు. ఆలోచన ఎలా మొదలై తాగాలన్న కోరికగా మారుతుందో కాగితం మీద పెట్టి, దాన్ని ఎలా దాటాలో సాధన చేయిస్తారు. ట్రెయినింగ్ తీసుకున్న మనిషి మీటింగ్ నడుపుతాడు, ఒకరి మాటకు ఇంకొకరు నేరుగా జవాబు చెప్పొచ్చు. ఏఏలో సాధారణంగా అలా ఉండదు. ఒకరు మాట్లాడుతుంటే వినడమే, సలహాలు ఇవ్వకూడదు. లైఫ్‌రింగ్ అని ఇంకోటి ఉంది, అదీ దేవుడి ప్రస్తావన లేనిదే. ఆడవాళ్ళ కోసం 1975లో మొదలైన ఉమెన్ ఫర్ సోబ్రైటీ ఉంది. లెక్కలు వేసుకుని ఆలోచించే స్వభావమైతే మీకు స్మార్ట్ నచ్చొచ్చు. ఏఏకీ స్మార్ట్‌కీ రెండింటికీ వెళ్ళేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళను ఎవరూ పట్టుకుని తిట్టరు.

ఇవి నిజంగా పనిచేస్తాయా అంటారేమో. 2020లో, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, వాటిలోని 10,565 మందిని కలిపి చూసింది. మనిషిని ఏఏకి అలవాటు చేసేలా ఒక పద్ధతిగా నడిపిన చికిత్స, పూర్తిగా మానేసి ఉండే విషయంలో మిగతా చికిత్సల కంటే మెరుగ్గా ఉందనీ, మిగతా విషయాల్లో వాటికి తీసిపోలేదనీ తేల్చారు. ఒక్కసారి తొంగి చూసి వచ్చేవాళ్ళ లెక్క కాదది. వెళ్తూ ఉండాలి.

వయసు గురించి మీరన్నది మాత్రం నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. అరవై దాటినవాళ్ళ మధ్య కూర్చుంటే మొదట బోరు కొడుతుంది, నిజమే. కానీ ఆ గదిలో ఇరవై ఏళ్ళుగా తాగనివాళ్ళు ముగ్గురు ఉన్నారంటే, మానేశాక పెళ్ళిళ్ళకు ఎలా వెళ్ళాలి, ఉద్యోగం పోతే ఎలా నిలదొక్కుకోవాలి, అన్నీ చేసి చూసినవాళ్ళు వాళ్ళు. నాకు చీటీ ఇచ్చిన పెద్దాయనకు అప్పుడు డెబ్భై ఒకటి. నా ఈడువాడైతే ఆ రాత్రి ఫోన్ ఎత్తేవాడో లేదో! అయితే మీ వయసువాళ్ళు ఒకరిద్దరైనా ఉండటం మంచిదే. చిన్న పిల్లలు, ఇంటి అప్పు, ఆఫీసు పార్టీలు లాంటి తలనొప్పులు ఇప్పుడే పడుతున్నవాళ్ళు తోడుంటే ఆ బలం వేరు. ఒక గ్రూపులో అన్నీ దొరకాలని లేదు. వారానికి ఒకటి పెద్దవాళ్ళది, ఒకటి కుర్రవాళ్ళది పెట్టుకోండి.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మొదటి ఏడు నెలల్లో నేను అయిదు గ్రూపులు మార్చాను. ఒకచోట అందరూ చెప్పిందే చెప్తున్నారని. ఒకచోట ఒకాయన మరీ ఎక్కువ మాట్లాడతాడని. ఇంకోచోట ఫ్యాన్ చప్పుడని, ఒట్టు, అదీ ఒక కారణమే! ప్రతి వంకా నిజమే, అదే తమాషా. వంకలు వెతికే పని మాత్రం నా లోపలి తాగుబోతు చేస్తున్నాడని అప్పుడు నాకు తట్టలేదు. ఏ గ్రూపులోనూ నా పేరు తెలిసినవాడు లేకుండా చూసుకున్నానన్నమాట. ఏడో నెలలో స్లిప్ అయ్యాను, అంటే మళ్ళీ తాగాను, నాలుగు రోజులు. నేను కనబడటం లేదని గమనించేవాళ్ళే లేరు.

అయిదో రోజు, ఎక్కడికి వెళ్ళాలో తెలియక, చీటీ ఇచ్చిన పెద్దాయన ఉండే మొదటి గ్రూపుకే వెళ్ళాను. సిగ్గుతో తల ఎత్తలేదు. ఆయన చూశారు, పక్క కుర్చీ మీదున్న తన సంచీ తీసి కింద పెట్టారు. అంతే. ఏమైంది అనలేదు, ముందే చెప్పానుగా అనలేదు. ఆ రోజు నుంచి అదే నా గ్రూపు.

కాబట్టి నా అనుభవంలో గ్రూపు నాణ్యత తెలియాలంటే, స్లిప్ అయి తిరిగొచ్చినవాణ్ణి వాళ్ళు ఎలా చూస్తారో చూడండి. నాలుగైదు మీటింగ్‌లు వెళ్తే ఎవరో ఒకరు అలా తిరిగి వస్తారు. క్లాసు పీకితే, మొహం తిప్పుకుంటే, ఆ గ్రూపు మీకు మంచి రోజుల్లో మాత్రమే పనికొస్తుంది. డాక్టర్ బాబ్ కూడా బిల్‌ని కలిశాక ఒకసారి జారిపోయినవాడే. డాక్టర్ల మహాసభకని వెళ్ళి తాగి వచ్చాడు. ఆ తర్వాత ఆయన చివరిసారి తాగిన రోజు 1935 జూన్ 10, ఏఏ తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకునేది ఆ తేదీనే.

లేచి వచ్చేయాల్సిన సందర్భాలు కూడా ఉన్నాయి. నేను కొన్నాళ్ళు వెళ్ళిన ఒక గ్రూపులో, డిప్రెషన్‌కి మందులు వాడుతున్న కుర్రాడితో ఒక సీనియర్ "ఆ మాత్రలు కూడా మత్తే, మానేస్తే గానీ నువ్వు సోబర్ కాదు" అన్నాడు. ఆ కుర్రాడు నమ్మి మానేశాడు. రెండు వారాలకు మంచం దిగలేని స్థితికి వచ్చాడు, ఇంటివాళ్ళు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాక కోలుకున్నాడు. నేను ఆ రోజు ఆ గదిలోనే ఉండి నోరు మెదపలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. మందుల విషయంలో డాక్టరు మాటే మాట. తాగాలన్న కోరిక తగ్గించడానికి ఇచ్చే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి వాడినా అది దొంగదారి కాదు. అలాగే అప్పులు అడిగేవాళ్ళు, ఏదో స్కీములో చేర్పించాలని చూసేవాళ్ళు, కొత్తగా వచ్చిన ఆడపిల్ల చుట్టూ తిరిగేవాళ్ళు, లోపల విన్నది బయట చెప్పేవాళ్ళు ఎక్కడ కనిపించినా ఆ గుమ్మం తొక్కకండి. ఫీజు అడిగితే అది ఏఏ కాదు. సంచీ తిప్పుతారు, ఇష్టమైనవాళ్ళు వేస్తారు, కొత్తవాళ్ళు వేయకపోయినా ఎవరూ చూడరు.

మీకు 23 రోజులు గడిచాయి కాబట్టి ఈ మాట మీకు కాదు, ఇది చదివే ఇంకెవరికైనా. రోజూ ఎక్కువగా తాగే మనిషి డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా ఆపకూడదు. ఆఖరిసారి తాగిన 6 నుంచి 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు, నాలుగు రోజుల మధ్య లేనివి కనబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం లాంటివి రావచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. మీటింగ్ ఆ పని చేయలేదు. ముందు ఆసుపత్రి, తర్వాత మీటింగ్.

ఆన్‌లైన్ మీటింగ్ కూడా మీటింగే. రాత్రి రెండింటికి కూడా ఎక్కడో ఒకటి జరుగుతూ ఉంటుంది, అది పెద్ద వరం. కాకపోతే కెమెరా ఆపేసి, పక్కన ఇంకేదో పని చేసుకుంటూ వింటే రేడియో విన్నట్టే. అయిపోయాక ఠక్కున కట్ చేయకుండా, చివర్లో మిగిలి మాట్లాడుకునేవాళ్ళతో కాసేపు ఉండండి.

స్పాన్సర్ గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు త్వరలో అడుగుతారు. స్పాన్సర్ అంటే మీకంటే ముందు మానేసి, మెట్ల వెంట మిమ్మల్ని నడిపించే మనిషి. మగవాళ్ళకు మగవాళ్ళు, ఆడవాళ్ళకు ఆడవాళ్ళు అన్నది ఆనవాయితీ. గొంతు పెద్దదిగా ఉన్నవాణ్ణి చూసి కాదు, అతని ఇంట్లోవాళ్ళు అతని గురించి ఏమంటారో తెలుసుకుని ఎంచుకోండి. కొన్నాళ్ళకు కుదరదనిపిస్తే మార్చుకోవచ్చు.

మీ ఆవిడ సంగతి. ఓపెన్ మీటింగ్‌కి నిక్షేపంలా తీసుకెళ్ళండి, క్లోజ్డ్‌కి వద్దు. ఆవిడ కోసం విడిగా అల్-అనాన్ ఉంది, తాగేవాళ్ళ కుటుంబాల కోసం 1951లో బిల్ భార్య లోయిస్ ఇంకొకావిడతో కలిసి మొదలుపెట్టింది. మీరు మానేశారు కాబట్టి ఆవిడకిక అవసరం లేదనుకోకండి. రాత్రిళ్ళు మీ బండి చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్న మనిషికి ఆ అలవాటు 23 రోజుల్లో పోదు. మా ఆవిడకు రెండేళ్ళు పట్టింది. ఆమె వెళ్ళే మీటింగ్‌లో ఏం మాట్లాడుకున్నారని మాత్రం అడగకండి.

ఇప్పటికి చేయాల్సింది ఇదే. వచ్చే మూడు వారాల్లో ఇంకో నాలుగు మీటింగ్‌లు, వాటిలో రెండైనా మీ ప్రమాదపు గంటలో జరిగేవి, ఒకటి స్మార్ట్‌ది. మీ అరవై ఏళ్ళవాళ్ళ గ్రూపుకి కూడా ఇంకోసారి వెళ్ళి చూడండి. మాట్లాడమంటే "ఈ రోజు వింటాను" అంటే చాలు. పది నిమిషాలు ముందే వెళ్ళండి. ఎవరో ఒకరు ఒంటరిగా కుర్చీలు సర్దుతూ ఉంటారు. ఎలా పలకరించాలా అని టెన్షన్ పడక్కర్లేదు, ఒక కుర్చీ పట్టుకుని "ఇది ఎటు వేయమంటారు?" అని అడగండి.